రాబర్ట్ పామర్: గొప్ప గాయకుడా, సూటూ వీడియోలేనా?

(మారుపేర్లతో ముగ్గురు శ్రోతల వాదన)

కాసెట్ కాలం:
ఇంగ్లండ్ గాయకుడు పామర్ పేరెత్తితే అందరికీ ఒకే వీడియో గుర్తొస్తుంది. 1986లో అమెరికాలో నంబర్ వన్ అయిన ‘అడిక్టెడ్ టు లవ్’. ముందు టై కట్టుకుని ఈయన, వెనక ఒకేలా ముస్తాబైన మోడల్స్. నా మాట సూటిగా చెప్తాను: ఆయనకి సొంత దారి లేదు. ఒకసారి ఫంక్, ఇంకోసారి రెగే, తర్వాత సింథ్, ఆపైన హార్డ్ రాక్, ఇలా ఎన్నో రకాల సంగీతం. హిట్లలో చాలా పాటలు వేరేవాళ్ళు రాసినవి. ఆ వీడియో స్టైల్ తీసేస్తే ఏం మిగులుతుంది?

డ్రమ్స్ పిచ్చి:
గొంతు మిగులుతుందండీ! 1974 నాటి మొదటి సోలో ఆల్బం ‘స్నీకిన్ శాలీ త్రూ ది ఆలీ’ వినండి. యార్క్‌షైర్‌లో పుట్టి, మాల్టాలో పెరిగిన పాతికేళ్ళ కుర్రాడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ వెళ్ళి అక్కడి ఫంక్ బ్యాండు ‘ది మీటర్స్’తో పాడాడు. మొదటి మూడు పాటలూ మధ్యలో ఆగకుండా ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి. మొదటిది ‘లిటిల్ ఫీట్’ బ్యాండు గాయకుడు లోవెల్ జార్జ్ రాసింది, రెండోది పామర్ సొంతం, మూడోది న్యూ ఆర్లీన్స్ రచయిత అలెన్ టూసాంట్ రాసింది. పేర్లు చూడకుండా వింటే మూడూ ఒక్కరే రాశారనుకుంటారు. వేరేవాళ్ళ పాటని అంతగా తన సొంతం చేసుకోగలిగినవాడికి దారి లేదని ఎలా అంటారు?

పైగా ‘అడిక్టెడ్ టు లవ్’ రాసింది ఆయనే. 1980లో బహమాస్‌లో చేసిన ‘క్లూస్’ ఆల్బంలోని ‘జానీ అండ్ మేరీ’ కూడా ఆయనదే. ఆ పాటలో గొంతు ఎక్కడా పైకి లేవదు. దాదాపు మాట్లాడుతున్నట్టే పాడతాడు, ఆ జంట మధ్య దూరం మనకి తెలిసిపోతుంది. నాకు ఆయన పాటలన్నిట్లో అదే ఇష్టం.

సైడ్ బి:
పాటల సంగతి సరే, వీడియోని అంత తేలిగ్గా వదలకండి. ‘అడిక్టెడ్ టు లవ్’ని మొదట అమెరికన్ గాయని చాకా ఖాన్‌తో కలిసి పాడారు. రికార్డు కంపెనీల గొడవతో ఆవిడ గొంతు తీసేశారు. చివరికి జనం చూసింది మాట్లాడని మోడల్స్‌ని! అది హిట్టయ్యాక 1988లో ‘సింప్లీ ఇర్రెసిస్టిబుల్’కి మళ్ళీ అదే పద్ధతి. జనం ఆయన్ని సూటుతోనే గుర్తుపెట్టుకుంటే ఆ బాధ్యత ఆయనదే.

డ్రమ్స్ పిచ్చి:
రెండోసారి చేయడం నాకూ నచ్చలేదు. కానీ ఆ రెండు పాటలకీ గ్రామీ వచ్చింది పాడినందుకు. 1985లో ఈయన గాయకుడిగా ఉన్న ‘పవర్ స్టేషన్’ బ్యాండు హిట్టయి టూర్‌కి సిద్ధమైతే ఈయన వెళ్ళలేదు. తన సోలో ఆల్బం ‘రిప్‌టైడ్’ పని చూసుకున్నాడు. ఫ్యాషన్ కోసమే బతికేవాడైతే ఆ స్టేజీ వదులుకుంటాడా?

కాసెట్ కాలం:
టూర్ వదిలి చేసిన ‘రిప్‌టైడ్’లోనే కదా ఆ వీడియో పాట ఉంది! నా ప్రశ్న అలాగే ఉంది.

డ్రమ్స్ పిచ్చి:
అయితే ‘డ్రైవ్’ వినండి. 2003లో వచ్చిన బ్లూస్ ఆల్బం. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్‌లో గుండెపోటుతో పోయాడు, 54 ఏళ్ళకే. అందులో గొంతు బాగా గరుకెక్కింది. అది విన్నాక కూడా సూటే కనిపిస్తే అప్పుడు వాదించుకుందాం.