ఇంపోర్ట్‌ని ‘దిగుమతి’ అందామా, ‘దించు’ అందామా?

ఇంటర్ పిల్లలకి ఆదివారాలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్తున్నానండీ, తెలుగులోనే. వేరేచోట రాసిపెట్టిన కోడ్‌ని (దాన్నే మాడ్యూల్ అంటారు) తెచ్చుకోడానికి ఫైలు మొదట్లో రాసే ఇంపోర్ట్ లైన్ల దగ్గర ‘దిగుమతి’ అన్నా, ఒకమ్మాయి వెంటనే ‘విదేశాల నుంచా సార్’ అంది. పేపర్లో ముడిచమురు దిగుమతి, పామాయిల్ దిగుమతి అనే కదా వాళ్ళు చూసేది. కానీ మా నల్గొండ వైపు రైస్ మిల్లు ముందు ‘మన లారీ ఇంకా దిగుమతి కాలే’ అన్నారంటే బస్తాలు దించలేదనే, అక్కడ ఓడా లేదు కస్టమ్సూ లేదు. దిగు లోంచి వచ్చిన మాటే అది. మిల్లు సంగతి చెప్పాక పిల్లలకి ఠక్కున అర్థమైంది.

దించిన బస్తాలు రకం వారీగా పేర్చినట్టే ఇక్కడా ఓ పద్ధతి ఉంది. 2001లో రాసిన పెప్ 8 అనే స్టైల్ గైడ్ ప్రకారం ముందు పైథాన్‌తోపాటే వచ్చినవి, తర్వాత బయటివాళ్ళు రాసినవి (థర్డ్ పార్టీ), చివర మనం రాసుకున్నవి, మధ్యలో ఒక్కో ఖాళీ లైను. థర్డ్ పార్టీని ‘మూడో పక్షం’ అని రాస్తే రాజకీయాల మాటలా ఉంది, అందుకే ‘బయటివి’ అంటున్నా. సరేనంటారా?

— ‘బయటివి’ బావుందండీ. ఇంకోటి గమనించారా, పైథాన్‌లో ‘ఫ్రమ్ మ్యాథ్ ఇంపోర్ట్ ఎస్‌క్యూఆర్‌టీ’ అంటాం (మ్యాథ్ ఓ మాడ్యూల్, ఎస్‌క్యూఆర్‌టీ అందులో వర్గమూలం కట్టే ఫంక్షన్), అంటే ‘మ్యాథ్ లోంచి ఎస్‌క్యూఆర్‌టీ దించు’, మాటల వరస అచ్చం మనదే, ఎక్కణ్ణుంచో ముందు చెప్పి ఏంటో తర్వాత చెప్తాం. జావాస్క్రిప్ట్‌లో తిరగబడి ‘ఫ్రమ్’ చివరికి పోతుంది. నాకైతే ‘నుంచి’ కన్నా ‘లోంచి’ నచ్చింది, మాడ్యూల్ అనేది ఓ సంచిలాంటిదే కదా.

— సీ భాషలో ఇంక్లూడ్‌కి మాత్రం ‘దించు’ కుదరదు గురువుగారూ. అక్కడ ఆ ఫైల్లో ఉన్నదంతా తెచ్చి ఇక్కడ అతికించినట్టే, అది ‘చేర్చు’.

— పేరు బదులు స్టార్ (*) పెట్టి అన్నీ ఒకేసారి దించేసుకోవద్దని కూడా చెప్పండి సార్. మా తమ్ముడు ఓఎస్ అనే మాడ్యూల్ లోంచి అలా దించాడు, ఆ తర్వాత మామూలు ఓపెన్‌తో ఫైలు తెరవబోతే ఫ్లాగ్స్ అనే విలువ ఇవ్వలేదని ఎర్రర్. ఓఎస్‌లోనూ ఓపెన్ అనే పేరుంది, అదొచ్చి మామూలు ఓపెన్ మీద కూర్చుంది, వాడికి ఆ సాయంత్రమంతా దానికే పోయింది.

పోస్టు పెట్టింది నేనే: చాలా థాంక్సండీ. ‘లోంచి దించు’ ఖాయం చేస్తున్నా, నోట్సులో పేరుగా రాసేటప్పుడు ‘దిగుమతి’, చేతల్లో ‘దించు’. ఒక గుంపులో అక్షరక్రమం పాటించాలా అని పిల్లలు అడిగారు, పెప్ 8 ఆ మాట చెప్పదు గానీ ఐసార్ట్ అనే టూల్ ఆ వరసలో తనే సర్దేస్తుంది. ఆ స్టార్‌తో దించడానికి ‘మూకుమ్మడిగా దించడం’ అనొచ్చా, ఇంకా చిన్న మాట ఏదైనా ఉందా?