నాలుగు తీగలు, ఒకే పికప్, రెండు నాబ్‌లు: ఈ పాత బేస్ ఈ రోజుకి సరిపోతుందా?

కావలి క్వయర్:
మా చర్చి క్వయర్‌కి బేస్ గిటార్ కొనాలి. ఇన్నాళ్లూ కీబోర్డ్ వాయించే అన్నే ఎడమ చేత్తో బేస్ లాగించేవాడు. డబ్బు సంఘానిది, కాబట్టి ఒకసారి కొన్నాక మళ్లీ ఇప్పట్లో మార్చడం ఉండదు. పెద్దవాళ్లు ఫెండర్ ప్రెసిషన్ పద్ధతిలో చేసిన సాదా బేస్, అదే పీ-బేస్, తీసుకోమంటున్నారు. మా వయసు వాళ్లంతా ఐదు తీగల యాక్టివ్ బేస్, అంటే లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది, అంటున్నారు. 1950ల నాటి డిజైన్ మీద ఇప్పుడు డబ్బు పెట్టడం సరైనదేనా? ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు, డిసెంబరు అంతా ఊళ్లలో బహిరంగ సభలు కూడా ఉంటాయి.

ఒంగోలు బేస్:
తమ్ముడూ, పీ-బేసే తీసుకోండి. పాతదన్న గౌరవంతో చెప్పడం లేదు, మీ పనికి అదే నప్పుతుంది.

దాన్ని తయారు చేసిన లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. 1951లో ఈ బేస్ బయటికి తెచ్చాడు. అంతకుముందు బేస్ అంటే మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద వాయిద్యం. మోసుకెళ్లడం కష్టం, బ్యాండులో వినపడదు, మెట్లు ఉండవు కాబట్టి స్వరం చెవితోనే పట్టుకోవాలి. ఫెండర్ దానికి మెట్లు పెట్టి, 34 అంగుళాల తీగ పొడవుతో మెడలో వేసుకునే వాయిద్యం చేశాడు. మెట్టు మీద వేలు పెడితే స్వరం కచ్చితంగా పలుకుతుంది, ప్రెసిషన్ అన్న పేరు అందుకే. నెక్‌ని, అంటే మెట్లున్న పొడవాటి భాగాన్ని, బాడీకి స్క్రూలతో బిగించాడు. పాడైన భాగం విప్పి మార్చుకోవచ్చు. తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే పికప్ ఒకటి, ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్, అంతే. సాల్డరింగ్ తెలిసిన రేడియో మెకానిక్ ఎవరైనా చూసి బాగుచేయగలడు. దర్శిలోనో కనిగిరిలోనో సభ ముందు సాయంత్రం వైరు ఊడిందనుకోండి, ఈ సౌకర్యం విలువ అప్పుడు తెలుస్తుంది.

అసలు సంగతి 1957లో జరిగింది. పికప్‌ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కని రెండేసి తీగల కింద పెట్టారు. ఒకదాని చుట్టలు, అయస్కాంతం రెండోదానికి తిరగేసి ఉంటాయి. దాంతో రెండింటిలోకీ వచ్చే కరెంటు హమ్, అంటే గుయ్‌మనే రొద, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగల శబ్దం మాత్రం నిలుస్తుంది. మన సభల్లో జనరేటర్, సరిగా లేని ఎర్తింగ్, పక్కనే సీరియల్ లైట్లు. అక్కడ ఈ చిన్న ఏర్పాటు చేసే మేలు అంతా ఇంతా కాదు. ఆనాటి నుంచి ఆ డిజైన్ మూలంలో మారలేదు. మార్చాల్సిన అవసరం వాయించేవాళ్లకి కనపడలేదు.

నెల్లూరు ఆర్కెస్ట్రా:
అన్నా, చరిత్ర బాగుంది. ఆ అబ్బాయి వాయించబోయే పాటల సంగతి చూడండి. మన దగ్గర పాడేవాళ్ల గొంతుని బట్టి స్కేల్ మారుతుంది. డి, డి షార్ప్, సి స్కేళ్లు రోజూ తగులుతాయి. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఇ, అంటే దాదాపు 41 హెర్ట్జ్. పాట డి స్కేల్ అయితే ఆధార స్వరం కింద దొరకదు, పైకెక్కి వాయించాలి. కీబోర్డ్ ఎడమ చేత్తో కింది సి దాకా వెళ్లిన బేస్‌కి ఆ సంఘం చెవులు అలవాటుపడి ఉన్నాయి. బేస్ గిటార్ వచ్చాక పాట పలచబడిందని మొదటి ఆదివారమే అంటారు. ఐదో తీగ బి, సుమారు 31 హెర్ట్జ్. ఆ తీగ ఉంటే ఏ స్కేల్‌కైనా భయం లేదు.

కందుకూరు సౌండ్:
మిక్సర్ దగ్గర కూర్చునేవాడిగా రెండు మాటలు. ఊళ్లలో మేం పెట్టే బాక్సులు 31 హెర్ట్జ్‌ని పలికించలేవు, అంత కిందికి వచ్చేసరికి శబ్దం పడిపోతుంది. యాక్టివ్ బేస్ వాళ్లు స్టేజీ మీద బేస్ నాబ్ మొత్తం తిప్పేస్తే బాక్సు కోన్ కొట్టుకుంటుంది, పాట వినపడదు. పీ-బేస్‌కి మధ్య స్థాయిలో ఒక గరుకు ఉంటుంది. కీబోర్డ్, ప్యాడ్స్, నలుగురి గొంతుల మధ్యలో కూడా అది తన చోటు తను పట్టుకుంటుంది. నేను ఫేడర్ లేపి వదిలేస్తా, మళ్లీ ముట్టుకోను.

నెల్లూరు ఆర్కెస్ట్రా:
బాక్సు పలికించలేదన్నది నిజమే, కానీ వాదన అక్కడితో ఆగదు. కింది డి వాయిస్తే దాని రెట్టింపు, మూడింతల స్వరాలు కూడా వెంట వస్తాయి. వాటిని బట్టి చెవి అసలు స్వరాన్ని తనే పూరించుకుంటుంది. చిన్న బాక్సులో కూడా కింది డికీ పై డికీ తేడా తెలుస్తుంది. యాక్టివ్‌కి 9 వోల్టుల బ్యాటరీ అవసరమనేది పెద్ద సమస్య కాదు. వాయించనప్పుడు జాక్ పీకేస్తే చాలు, లేకపోతే ఊరికే కరుగుతుంది. చాలావాటికి బ్యాటరీ లేకుండా వాయించుకోవడానికి పాసివ్ స్విచ్ కూడా ఉంటుంది.

ఒంగోలు బేస్:
చెవి పూరించుకుంటుందన్న మాట ఒప్పుకుంటా. అయితే తక్కువ ధర ఐదు తీగల బేస్‌లో ఆ ఐదో తీగ ఎలా ఉంటుందో చూశారా? అదే 34 అంగుళాల పొడవు మీద లావు తీగ, బిగువు చాలక వదులుగా కొట్టుకుంటుంది. శ్రుతి నిలకడగా అనిపించదు. మంచి ఐదు తీగలది కావాలంటే ధర పెరుగుతుంది. అదే డబ్బుకి నాలుగు తీగలది ఒక మెట్టు మంచిది వస్తుంది. డి స్కేల్ పాటలకి ఇ తీగని డికి దించుకుంటే సరి. సి స్కేల్‌కి పై సి పట్టుకుని, కింద జి తగిలిస్తూ నడిపిస్తే పాట పలచబడదు.

ఒకే పికప్ కదా, ఒకే శబ్దం కదా అని కుర్రాళ్లు అంటారు. శబ్దం కుడి చేతిలో ఉంది. నెక్ వైపు జరిపి మీటితే గుండ్రంగా, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర మీటితే బిగుతుగా పలుకుతుంది. అమెరికాలో మోటౌన్ సంస్థ పాటలకి 1960లలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ని వినండి. 1962 నాటి ప్రెసిషన్, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, కుడి చేతి చూపుడు వేలొక్కటే. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఆ సాదా బేస్ మీద ఆయన పాటకి పక్కనే ఇంకో పాట నడిపించాడు. వాయించేవాడి దృష్టి నాబ్‌ల మీదికి పోకుండా పాట మీదే ఉంచే వాయిద్యం ఇది. నేర్చుకునేవాళ్లకి నేను దీన్నే ఇవ్వమనడానికి అన్నిటికన్నా పెద్ద కారణం అదే.

గూడూరు:
ఎవరు వాయిస్తారో అడగలేదు మీరు. పాత పద్ధతి పీ-బేస్ నెక్ పైభాగంలో 44 మిల్లీమీటర్ల వెడల్పు. 1960లో అదే ఫెండర్ తెచ్చిన జాజ్ బేస్ 38. పదో తరగతి పిల్లలకి ఈ తేడా చాలా ఎక్కువ. కావలి సముద్రానికి దగ్గర, తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవడం మొదటి రోజు నుంచే నేర్పండి.

కావలి క్వయర్:
వాయించేది మా చెల్లి, ఇంటర్ చదువుతోంది, చేతులు చిన్నవే. అయితే జాజ్ బేస్ కూడా చూడాలన్నమాట. వచ్చే వారం చెన్నై వెళ్తున్నాం.

ఒంగోలు బేస్:
జాజ్ బేస్ మంచిదే, కానీ అందులో రెండు పికప్‌లూ సమానంగా తెరిచినప్పుడే హమ్ పోతుంది, ఒకటి తగ్గిస్తే మొదలవుతుంది. పీ-బేస్‌లోనే సన్న నెక్ ఉన్నవి దొరుకుతాయి, ముందు అవి అడగండి. ఆంప్‌కి పెట్టకముందే చెల్లి చేత ప్రతి మెట్టూ వాయించి చూడమనండి. ఎక్కడైనా తీగ మెట్టుకి తగిలి గరగరమంటే ఆ పీస్ వద్దు.

నెల్లూరు ఆర్కెస్ట్రా:
వెళ్లేముందు మీ క్వయర్ పాడే పాటల స్కేళ్లన్నీ కాగితం మీద రాసుకోండి. వాటిలో సి, డి షార్ప్ ఎన్ని ఉన్నాయో చూసుకుని, దుకాణంలో ఐదు తీగలది కూడా చెల్లి చేతికిచ్చి అవే పాటలు వాయించమనండి.