అప్‌డేట్: పాత పికప్ బాడీ ట్రైలర్ ఊగడం ఆగింది

పాత టాటా 207 వెనక బాడీని ఛాసిస్‌తో సహా కోయించి ట్రైలర్ చేశానని, భీమిలి దగ్గర మా తోటలో జీపుకి తగిలిస్తే తోకలా అటూఇటూ కొడుతోందని అడిగాను కదా. "ముందు జీపుకి తగిలించే హుక్కు మీద ట్రైలర్ బరువెంత పడుతోందో తూచు" అన్న పెద్దాయనకి దండం పెట్టాలి.

తూచాను. లోడుతో మొత్తం 400 కిలోలు, హుక్కు మీద 16 కిలోలే! మొత్తంలో 10 నుంచి 15 శాతం అక్కడ పడాలట. గాజువాక ఆటోనగర్‌లో ఇరుసుని కమాన్‌ పట్టీలతో (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) సహా 20 సెంటీమీటర్లు వెనక్కి జరిపించాం. ఇప్పుడు 44 కిలోలు పడుతోంది, ఊగడం లేదు.

అసలు భయపెట్టింది తుప్పు. కమాన్‌ బ్రాకెట్ దగ్గర ఛాసిస్ సుత్తి దెబ్బకే పొరలుగా రాలింది. మన సముద్రపు గాలి సంగతి తెలిసిందే. పైన రంగు మాత్రం నిగనిగలాడుతోంది! ఆ ముక్క కోసేసి కొత్త చానల్ వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టాం. పాత బాడీ కొనేవాళ్లు దయచేసి కిందకి దూరి చూడండి.

సేఫ్టీ గొలుసులు రెండూ హుక్కు కింద అడ్డంగా దాటించి కట్టాను. హుక్కు ఊడినా ట్రైలర్ ముందు కడ్డీ నేలకి తగలకుండా వాటి మీదే ఆగుతుంది. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా రోడ్డెక్కించను, కొబ్బరికాయలు తోటలోనే మోస్తుంది.