క్రిస్మస్ సెలవుల్లో పులికాట్‌లో ఫ్లెమింగోలు దగ్గరగా కనిపిస్తాయా?

క్రిస్మస్ సెలవులకి పిల్లలతో సూళ్లూరుపేట వెళ్దామనుకుంటున్నాం. అక్కడికి దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రం గురించి బెంగ లేదు, చెరువులో నీటి కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) ఆ టైముకి గూళ్లు పెట్టే ఉంటాయి. టెన్షనంతా పులికాట్ సరస్సుతోనే. ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా ముంచి బురద జల్లించుకునేది లోతు తక్కువ నీళ్లలోనే కదా. వానలకి సరస్సు నిండిపోయి ఉంటే ఎక్కడో దూరంగా గులాబీ గీతలా కనిపించి ఊరుకుంటాయేమో!

సరస్సు మధ్యగా వెళ్లే శ్రీహరికోట రోడ్డు మీద ఈమధ్య వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా? పక్షులు రోడ్డుకి ఎంత దూరంలో ఉన్నాయి? కారు పక్కకి ఆపనిస్తున్నారా? పొద్దున తూర్పుకి వెళ్తే ఎండ కళ్లలో కొడుతుంది, సాయంత్రమే మేలంటారా? మా బైనాక్యులర్స్ ఎనిమిదింతలు చూపించేవి, సరిపోతాయా? మా అత్తయ్య కూడా వస్తున్నారు, దారిలో శుభ్రమైన బాత్రూమ్ ఎక్కడుందో చెప్తే మీకు పుణ్యముంటుంది.