బారసాల రోజు బియ్యంలో పేరు ఎవరు రాయాలి?

బరంపురం కోడలు: పాప ఏప్రిల్ 29న పుట్టింది, ఈ నెల (2025 మే) 19కి 21వ రోజు. మా ఆయన ఆర్మీలో ఉన్నారు. 15 రోజుల పెటర్నిటీ లీవు దొరికి, రైల్లో బెర్తు కూడా కన్ఫర్మ్ అయ్యాక 7న పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ మొదలైంది, లీవులన్నీ క్యాన్సిల్. 10న కాల్పులు ఆగాయి కానీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలీదు. అబ్బాయి వచ్చాకే బారసాల అంటారు అత్తయ్య. బావగారేమో ఆగొద్దు, ఘనంగా చేసి ‘సిందూరి’ అని పెట్టాల్సిందే అని పట్టు. కుశీనగర్‌లో 17 మంది ఆడపిల్లలకి సిందూర్ అని పెట్టారన్న వార్త ఫ్యామిలీ గ్రూపులో నాలుగుసార్లు పంపారు! మేమిద్దరం అనుకున్న పేరు వేరే. మీరైతే ఏం చేస్తారు?

రాయగడ మాజీ జవాను: ముందొక మాట, యూనిట్ ఎక్కడుందో ఇక్కడ రాయకమ్మా. ఇక బారసాల ఆపొద్దు. 1999లో కార్గిల్ అప్పుడు కొడుకు పుట్టాడని నాకు ఉత్తరంలో తెలిసింది, అదీ రెండు వారాలకి. మావాళ్ళు నాకోసం ఆగారు. నేనొచ్చేసరికి వాడికి ఆరో నెల, బారసాలా అన్నప్రాశనా ఒకే రోజు. నేను ఉంగరంతో బియ్యంలో రాస్తుంటే వాడు నా రాత మీదే చెయ్యేసి గుప్పెడు నోట్లో పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు. ఆ ఆరు నెలలూ వాణ్ణి ‘బాబు’ అనే పిలిచారు, ఇప్పటికీ ఇంట్లో వాడు బాబే, నేను రాసిన పేరు ఎవరూ పిలవరు.

గోపాలపూర్ కెరటం: బావగారు అన్నదాంట్లో తప్పేముంది? పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టన పెట్టుకున్నారు. 7న మన గోపాలపూర్‌లోనూ మాక్ డ్రిల్ జరిగింది, యుద్ధం మనకి దూరం అనుకోకండి. జవాను కూతురికి ఆ పేరు గర్వం కాదా?

పర్లాకిమిడి మనవరాలు: గర్వం మనకి, మోసేది పిల్ల. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు మా అమ్మమ్మ నెల పిల్ల. మర్నాడే ఇల్లు వదిలేసి నౌపడాలో చిన్న రైలెక్కి పర్లాకిమిడి వచ్చేశారట. అందరూ ముద్దుగా ‘బాంబులమ్మ’ అనడం మొదలెట్టారు, అది అలాగే అతుక్కుపోయింది, అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరో ఆ పేరే చెప్పేశారని ఎనభయ్యేళ్ళు వచ్చాక కూడా తిట్టుకునేది. పుట్టినరోజు అడిగితే బాంబుల లెక్కే చెప్పేది, దానికి మాత్రం పనికొచ్చింది లెండి.

గోపాలపూర్ కెరటం: సిందూరి, బాంబులమ్మ ఒకటేనా అండి?

పర్లాకిమిడి మనవరాలు: కాదు. కానీ రెండూ పిల్లని చూసి పెట్టినవి కావు.

కోరాపుట్ పక్కింటి పిన్ని: 21వ రోజుకి మా ఒడియా ఇరుగుపొరుగు కూడా ఏకోయిశియా (వాళ్ళ బారసాల) చేస్తారు, ఆ రోజు దాటనివ్వరు. తండ్రి లేకపోతే తాత రాయొచ్చు, మా ఇంట్లో అలాగే చేశాం. సిగ్నల్ దొరికితే వీడియో కాల్, లేకపోతే లేదు. ముహూర్తం కంటే ముందు బాలింత నిద్ర చూడండి, వంద మందిని పిలవకండి.

బరంపురం కోడలు: బాంబులమ్మ కథ మామయ్యకి చదివి వినిపించా. నవ్వి, లేచి వెళ్ళి తన ఉంగరం చింతపండు పెట్టి తోముకొచ్చారు. రాత్రి మా ఆయన ఫోన్ రెండు నిమిషాలు కలిసింది. పేరు మేం అనుకున్నదే, అక్షరం అక్షరం ఆయన చెప్తుంటే మామయ్య రాస్తారు, ఫోన్ కలవకపోతే ముందే పంపిన వాయిస్ మెసేజ్ పెడతాం. అత్తయ్య ఒప్పుకున్నారు. బావగారు గ్రూపులోంచి వెళ్ళిపోయారు, వంటవాళ్ళకి అడ్వాన్సు మాత్రం ఆయనే ఇచ్చొచ్చారట.