కాలనీ లిస్టుకు సభ్యులు రాసే మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి

ప్రశ్న (తార్నాక)
నమస్కారం. మా కాలనీ సంక్షేమ సంఘం సొంత డొమైన్ మీద, మెయిల్‌మ్యాన్ సాఫ్ట్‌వేర్‌తో, సుమారు మూడు వందల ఇళ్లకు మెయిలింగ్ లిస్టు నడుపుతున్నాము. సంఘం చిరునామా నుంచి నేను పంపే నోటీసులు అందరికీ చేరుతున్నాయి. సభ్యులు తమ సొంత చిరునామాల నుంచి లిస్టుకు రాసేవి మాత్రం కొందరికి స్పామ్‌లో పడుతున్నాయి, కొన్ని తిరిగి వచ్చేస్తున్నాయి. మొన్న మంచినీళ్లు రావని ఒక పెద్దాయన ముందురోజే రాసినా చాలా ఇళ్లకు తెలియలేదు. వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్లు ఎక్కువ కనుక నాకు ఇది చిన్న విషయంగా తోచడం లేదు. మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు ఇప్పటికే పెట్టాను.

సమాధానం (మాదాపూర్)
మీరు చెప్పిన తేడాలోనే కారణం ఉందండీ. మీ ఎస్‌పీఎఫ్ రికార్డు మీ డొమైన్‌కు మాత్రమే పూచీ పడుతుంది, కానీ సభ్యుడు రాసిన మెయిల్‌లో 'ఫ్రమ్' దగ్గర కనిపించేది ఆయన డొమైన్. ఆ కనిపించే డొమైన్‌తో ఎస్‌పీఎఫ్ గాని, డీకిమ్ (పంపే డొమైన్ మెయిల్‌కు వేసే డిజిటల్ సంతకం) గాని సరిపోలాలని డీమార్క్ అనే తనిఖీ పద్ధతి కోరుతుంది. ఆయన డీకిమ్ సంతకం మెయిల్‌తోపాటే వస్తుంది, అయితే మీ లిస్టు సబ్జెక్టు ముందు సంఘం పేరును, అడుగున ఫుటరును చేర్చగానే సంతకం చేసిన పాఠం మారిపోయి ఆ సంతకం చెల్లకుండా పోతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు 'తిరస్కరించండి' అనే డీమార్క్ విధానం పెట్టినప్పుడు ఎన్నో లిస్టులు ఇదే చిక్కులో పడ్డాయి.

సబ్జెక్టునూ ఫుటరునూ ముట్టుకోకుండా వదిలేయడం ఒక దారి. నేనైతే మెయిల్‌మ్యాన్‌లోని డీమార్క్ సెట్టింగులో 'మంజ్ ఫ్రమ్' ఎంచుకుని, లిస్టు డొమైన్‌తో కొత్తగా డీకిమ్ సంతకం చేయిస్తాను. అప్పుడు ఫ్రమ్‌లో లిస్టు చిరునామా ఉంటుంది, రాసినవారి పేరూ పక్కనే కనిపిస్తుంది.

సమాధానం (సికింద్రాబాద్)
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. మధ్యలోని సర్వర్ తాను చేసిన తనిఖీ ఫలితాన్ని మెయిల్‌కు జతచేసి పంపే ఏఆర్‌సీ అనే పద్ధతి కూడా 2019లో వెలువడింది గాని, అందుకునే సర్వర్ మీ సర్వర్‌ను నమ్మితేనే అది పనికివస్తుంది, కాబట్టి చిన్న సంఘం దాని మీద ఆధారపడకూడదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ పెట్టిన కఠిన నియమాలు జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు పంపేవారికే వర్తించినా, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదన్న హద్దు పంపేవారందరికీ ఉంది, దాన్ని మీరూ పాటించాలి. లిస్టు నుంచి ఎలా బయటపడాలో తెలియక స్పామ్ బటన్ నొక్కేవారు ఉంటారు, కనుక విరమించుకునే లింకు సులువుగా కనిపించాలి.

ప్రశ్న అడిగినవారు
ఫ్రమ్ మార్చి, డీకిమ్ పెట్టాను. పరీక్షకు పంపిన మెయిల్ హెడర్‌లో డీమార్క్ 'పాస్' అని వచ్చింది. ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పటికే స్పామ్‌లో పడినవాటిని వెతికి బయటికి తీయమని ఈ ఆదివారం ఇంటింటికీ వెళ్లి చెబుతాను.