చుట్టాలు దిగారు, స్కెచ్‌బుక్ మూలపడింది, ఎవరైనా దారి చెప్పండి

ఎంవీపీ వదిన (మధ్యాహ్నం 2.10)
అందరికీ నమస్కారం. పొద్దున్న కాఫీలయ్యాక కూర్చున్నా, అన్నాల టైం దాకా కిందా మీదా పడ్డా ఒక్క పేజీ తెమల్లేదు, విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నా. సింహాచలం చందనోత్సవానికి దిగిన చుట్టాలు ఇంకా కదల్లేదు, వాళ్ళుండగానే మా ఆడపడుచు పిల్లలకి సెలవులిచ్చేశారని ఇంకో బ్యాచ్ దిగింది. వైజాగ్‌లో ఇల్లుందంటే ఎండాకాలం అది ఇల్లు కాదు, బీచ్‌కి దగ్గర్లో ఉన్న ఉచిత సత్రం. మధ్యలో ఆవకాయ ఒకటి. ఉగాది నుంచి రోజూ ఏదో ఒకటి గీస్తూ వస్తున్నా, ఇప్పుడు మొదలుపెట్టినవన్నీ సగంలో ఆగిపోతున్నాయి, ఆగిపోవడం కూడా కాదు పాడైపోతున్నాయి. ఇలాగే ఇంకో నెల గడిస్తే అలవాటు పూర్తిగా పోతుంది. ఇంట్లో హడావిడి ఉన్నప్పుడు మీరంతా ఎలా గీస్తున్నారు? తెల్లారగట్ల లేవమని మాత్రం చెప్పకండి, నేను లేచేసరికే మా అత్తగారు లేచి ఉంటారు.

గాజువాక గురూ
పాడైపోడం అంటే ఏటండీ, చిరిగిపోతన్నాయా, పిల్లలు గీసేస్తన్నారా? అసలు దేంతో గీస్తన్నారు, ఎంత బుక్కు?

పెన్సిల్ ముక్క
పెన్సిల్ వాడండి.

డ్రాయింగు మాస్టారు (రిటైర్డ్)
అమ్మా, అలవాటు పోయేది చుట్టాల వల్ల కాదు, పునాది లేకపోవడం వల్ల. ఈ రోజుల్లో ఫోన్లో వీడియో చూడ్డం, పెన్ను పట్టేయడం. మేము డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలకి తయారయ్యేటప్పుడు ముందు పెన్సిల్ చెక్కడం నేర్పేవారు. షార్పెనర్‌లో తిప్పితే ముల్లు పొట్టిగా వస్తుంది, బ్లేడుతో చెక్కితే పొడుగ్గా బయటికొస్తుంది, దాన్ని పక్కకి వాల్చి పడితే వెడల్పాటి షేడు, నిలబెడితే సన్న గీత, రెండు పనులకీ ఒకటే పెన్సిల్. హెచ్‌బీ తరవాత 2బీ, 4బీ, 6బీ అని పోయేకొద్దీ మెత్తదనమూ పెరుగుతుంది నలుపూ పెరుగుతుంది, షేడింగుకి అన్నీ అక్కర్లేదు, 2బీ ఒకటీ 6బీ ఒకటీ చాలు. రోజుకొక చెంబు గీయండి. చెంబు మూతి గుండ్రంగా ఉంటుందని తెలుసు కదా అని గుండ్రంగా గీసేస్తారు, కంటికి అది కోలగా కనిపిస్తుంది, మీ కంటి మట్టానికి దగ్గరయ్యేకొద్దీ ఆ కోల ఇంకా సన్నబడుతుంది. ఇది వస్తే అన్నీ వస్తాయి. మన పక్కన కశింకోటలో కూర్చుని వడ్డాది పాపయ్య గారు చందమామకీ యువకీ అన్ని బొమ్మలు వేశారంటే ఊరికే వేశారా? ఆ రోజుల్లో ఇళ్ళకి చుట్టాలు రాలేదా?

బెల్లం ఆవకాయ
మాస్టారూ, చుట్టాలు వచ్చే ఉంటారు. ఆ రోజుల్లో మగవాళ్ళు ఎంతమంది మావిడికాయ ముక్కలు తుడిచారో కూడా కాస్త చెప్పండి.

గాజువాక గురూ
😂😂 మాస్టారు ఔట్. వదినగారూ మీరు నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

ఎంవీపీ వదిన (రాత్రి 10.40)
ఇప్పటికి తీరింది. పిల్లలందరూ ఆర్కే బీచ్ నుంచి ఒళ్ళంతా ఇసకతో వచ్చారు, బాత్రూం కడిగి వచ్చా. దేంతో అంటే మామూలుగానే అండి, వాటర్ కలర్స్. బుక్కు ఏ3, పెద్ద సైజు, ఆఫర్‌లో వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, మేడ మీంచి తీసిన కైలాసగిరి ఫోటో చూసి వేస్తున్నా. ఒక వాష్, అదే నీళ్ళు ఎక్కువ కలిపిన రంగు పూత, వేస్తానా, ఆరదు. ఫ్యాన్ కింద పెట్టినా ఆరదు. ఈలోపు ఎవరో పిలుస్తారు, టేబుల్ ఖాళీ చేయాలి, బుక్ మూసి బీరువా పైన పెడతా, తరవాత తెరిస్తే రెండు పేజీలు అంటుకుపోయి ఆకాశం వెళ్ళి ఎదటి పేజీలో ఉంటుంది. ఇదీ రోజూ జరిగేది.

గాజువాక గురూ
ఓలమ్మ, ఇది కదా మొదట చెప్పాల్సింది! ఇంతసేపూ అందరం అలవాటు గురించి మాట్లాడతన్నాం.

ఎంవీపీ వదిన
స్కెచ్ అంటే రంగు వేస్తారని అందరికీ తెలిసిందే కదా అని రాయలేదండి.

పెన్సిల్ ముక్క
ఏ3లో వాష్ మీద వాష్ వేస్తే అది పెయింటింగ్. స్కెచ్ కాదు.

సముద్రపు గాలి
ఎందుకు కాదండీ? రంగుతో స్కెచ్ వెయ్యకూడదని ఎక్కడుంది? ఎక్కువసేపు పట్టనిది, చూసింది చూసినట్టు పట్టుకునేది ఏదైనా స్కెచ్చే. సైజుని బట్టి పేరు మారదు.

పెన్సిల్ ముక్క
చూసింది చూసినట్టు అన్నారు, బావుంది. ఆవిడ చూసేది ఫోన్లో ఫోటో. ఊళ్ళో కనిపించేవి అక్కడే కూర్చుని గీసే గుంపు ఉంది కదా, అర్బన్ స్కెచర్స్, వాళ్ళ మొదటి నియమమే ఉన్న చోట కూర్చుని ఎదురుగా చూసి గీయాలని.

సముద్రపు గాలి
అది ఆ గుంపులో చేరినవాళ్ళకి. 2007లో సియాటిల్‌లో గాబ్రియేల్ కంపనారియో అనే పత్రికా చిత్రకారుడు మొదలెట్టాడు, వాళ్ళ పేజీలో పెట్టే బొమ్మలకి వాళ్ళ నియమం. ఆవిడ తన ఇంట్లో తన డైనింగ్ టేబుల్ మీద గీసుకుంటుంటే సియాటిల్ నియమాలేంటి మధ్యలో. పైగా మే నెల పన్నెండింటికి మేడెక్కి కైలాసగిరిని ఎదురుగా చూస్తూ గీయమంటారా, కళ్ళు తిరిగి పడిపోతే ఆవకాయ మీరొచ్చి కలుపుతారా?

పెన్సిల్ ముక్క
వంటింట్లోంచి గీయొచ్చు. అదీ ఉన్న చోటే.

తడి బ్రష్
గొడవ ఆపితే పని చెప్పుకుందాం. వదినగారూ, నీళ్ళరంగు ఆరాలంటే కాగితంలో ఉన్న నీరు గాల్లోకి పోవాలి, మన ఊళ్ళో ఈ నెలల్లో గాల్లోనే బోలెడంత తేమ, బట్టలు ఆరేసినా సాయంత్రానికి ఇంకా చెమ్మగా అనిపిస్తాయి కదా, అలాంటప్పుడు నీరు ఎక్కడికి పోతుంది. ఫ్యాన్ కొంత సాయం చేస్తుంది, గాల్లో తేమని మాత్రం తీసెయ్యదు. ఏసీ తీస్తుంది, మీకు ఏసీ గది ఉంటే అందులో పెట్టండి, చుట్టాలంతా అక్కడే పడుకుని ఉంటారని తెలుసు అయినా చెప్తున్నా. హెయిర్ డ్రయ్యర్ ఉంటే కాస్త దూరంగా పట్టుకుని ఆరబెట్టండి, దగ్గరగా పెడితే తడి రంగు గాలికి పక్కకి పారిపోతుంది. ఇంకోటి, ఆఫర్‌లో వచ్చిన బుక్ ఎన్ని జీఎస్ఎం, అంటే కాగితం చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు? 150 దగ్గర ఉంటే అది డ్రాయింగ్ కాగితం, నీళ్ళు పడగానే అలలు లేస్తుంది, ఆ గుంటల్లో నీరు నిలబడి అక్కడే ఆరకుండా ఉండిపోతుంది. వాటర్ కలర్‌కి 300 జీఎస్ఎం వాడేది అందుకే. కానీ 300 ఏ3 బుక్ కొనమని నేను చెప్పను, సమస్య కాగితంలో కంటే మీరు ఎంచుకున్న పనిలో ఉంది. మధ్యలో లేచిపోవాల్సి వస్తుందని తెలిసినప్పుడు ఏ నిమిషంలో వదిలేసినా చెడిపోని పద్ధతి కావాలి. తడి వాష్ అలా వదిలెయ్యడానికి కుదిరేది కాదు, గీత కుదురుతుంది. సగం గీసిన చెట్టు సగం చెట్టులా ఉంటుంది అంతే, రేపొచ్చి మిగతాది గీసుకోవచ్చు. కాబట్టి ఈ రెండు నెలలూ చిన్న బుక్, ఏ6 చాలు, 105 మిల్లీమీటర్లు 148, నైటీ జేబులో పడుతుంది, పిగ్మెంట్ ఇంక్ (నీళ్ళలో కరగని రంగుపొడి కలిపిన సిరా) పెన్ను ఒకటి. మైక్రాన్ లాంటిది అయితే ఆరాక నీళ్ళు తగిలినా చెదరదు, అప్పుడు రంగు వేస్తే ఇవాళే వేయక్కర్లేదు, చుట్టాలు రైలెక్కాక జూన్‌లో వేసుకోండి. ఆ పెన్ను దొరక్కపోతే మామూలు బాల్ పెన్ను, దాని సిరా నూనెతో చేసింది కాబట్టి నీళ్ళకి పెద్దగా కారదు. జెల్ పెన్ను మాత్రం వద్దు, చాలావాటికి తడి చెయ్యి తగిలితే చాలు అలికేస్తుంది, మీ చేతులు రోజంతా తడిగానే ఉంటాయి.

బూజు శత్రువు
అందరూ ఆరడం గురించే చెప్తున్నారు, బూజు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. తడి బుక్ మూసి బీరువా పైన పెడుతున్నారంటే పేజీలు అతుక్కోవడం తక్కువ నష్టం, వానలు మొదలయ్యాక చూడండి నల్ల చుక్కలు. రంగుల డబ్బా కూడా తడిగా మూత పెట్టకండి, రంగుల్లో జిగురు ఉంటుంది, కొన్నిట్లో తేనె కూడా కలుపుతారు, బూజుకి అంతకంటే ఏం కావాలి. మూత తీసి ఉంచి ఆరాకే మూయాలి. సంచీలో సిలికా జెల్ ప్యాకెట్లు పడేయండి, కొత్త చెప్పుల డబ్బాల్లో, బ్యాగుల్లో వస్తాయి, పారేయకండి. నీలం గింజలు ఉంటాయి చూడండి, అవి తేమ పీల్చాక గులాబీ రంగుకి తిరుగుతాయి, వేడి చేస్తే మళ్ళీ నీలం.

బెల్లం ఆవకాయ
ఇంటినిండా పిల్లలున్నారని ఆవిడ చెప్తుంటే నీలం గింజలంటారేంటండీ! ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్, విషం. పిల్లలు మిఠాయనుకుని నోట్లో పెట్టుకుంటారు.

బూజు శత్రువు
ప్యాకెట్ చింపమని నేను చెప్పలేదు. నీలం వద్దంటే తెల్లవి వాడండి, నారింజ రంగువీ ఉన్నాయి.

గాజువాక గురూ
నా సలహా ఏటంటే చుట్టాలనే వాడుకోండి. అందర్నీ కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంలోకి పంపించేసి మీరు బయట నీడ చూసుకుని కూర్చోండి. వాళ్ళు లోపల్నుంచి బయటికి వచ్చీలోగా ఒక బొమ్మ, తరవాత రోడ్డు దాటి విమానం మ్యూజియంలోకి పంపితే ఇంకోటి. టికెట్ డబ్బులు పోతే పోనాయి.

సముద్రపు గాలి
ఐడియా బావుంది కానీ సబ్‌మెరైన్ 91 మీటర్ల పొడుగు, ఏ6లో గీస్తే సొరకాయే. అడ్డంగా రెండు పేజీలూ కలిపి గీయండి, లేదంటే పైన గోపురంలా లేచి ఉండే కోనింగ్ టవరూ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్ళూ, అది ఇంకా మజాగా ఉంటుంది. నేనైతే ఫిషింగ్ హార్బర్‌కే వెళ్తా, కానీ చుట్టాలతో వెళ్తే ఆ వాసనకి మిమ్మల్ని తిడతారు. పాత టౌన్‌లో కురుపాం మార్కెట్ వైపు కూడా గీయడానికి చాలా ఉంది...

పెన్సిల్ ముక్క
ఆవిడకి ఇల్లు కదిలే తీరికే లేదు.

డ్రాయింగు మాస్టారు (రిటైర్డ్)
ఆవకాయ ముక్కల గురించి అన్నారు కదా అమ్మా బెల్లం ఆవకాయ గారూ, నేను అందులోంచే చెప్తాను. మనుషులు కదులుతుంటే గీయడం రాదని అందరూ ఏడుస్తారు. ముక్కలు తుడిచేవాళ్ళని చూడండి. ముక్క తీసుకోవడం, గుడ్డతో తుడవడం, టెంక లోపలి జీడి తీసి పారేయడం, పళ్ళెంలో వేయడం. ఈ నాలుగు భంగిమలే గంటల తరబడి తిరిగి తిరిగి వస్తాయి. ఒకే పేజీలో నాలుగు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టండి. తుడిచే భంగిమ వచ్చినప్పుడు ఆ బొమ్మలో రెండు గీతలు, పళ్ళెంలోకి వంగినప్పుడు ఈ బొమ్మలో రెండు గీతలు. మిమ్మల్ని ఎవరైనా పిలిచినా నష్టం లేదు, తిరిగొచ్చేసరికి అదే భంగిమ మళ్ళీ వస్తుంది. ముఖాలు వదిలేయండి, వెన్ను వంపూ మోచేతులూ చాలు. మోడల్‌కి డబ్బులిచ్చి కూర్చోబెట్టినా ఇంత ఓపిగ్గా కూర్చోరు.

బెల్లం ఆవకాయ
ఇది బావుంది మాస్టారూ. చెంబు కంటే బావుంది.

డ్రాయింగు మాస్టారు (రిటైర్డ్)
చెంబు కూడా గీయాలమ్మా.

తడి బ్రష్
మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. జూన్‌లో స్కూళ్ళు తెరుస్తారు, పిల్లల పుస్తకాలకి అట్టలు వేసే బ్రౌన్ షీట్లు ఇప్పటికే షాపుల్లో వచ్చి ఉంటాయి. ఆ కాగితం ముక్కలు కోసి క్లిప్పు పెట్టుకుంటే మంచి బుక్. కాగితం రంగే మధ్యస్థం కాబట్టి మీరు నీడలకి నల్ల పెన్సిలూ వెలుగు పడ్డచోట తెల్ల పెన్సిలూ వేస్తే చాలు, మిగతా అంతా కాగితమే చూసుకుంటుంది. తెల్ల కాగితం మీద సగం సేపు ఆ మధ్య షేడు నింపడానికే పోతుంది. ఒకటే, నునుపు వైపు పెన్సిల్ జారుతుంది, గరుకు వైపు గీయండి. చవక కాగితం కొన్నాళ్ళకి పెళుసవుతుంది, దాచుకునే బొమ్మలకి వాడొద్దు.

పెన్సిల్ ముక్క
మొదటి జవాబు నాదే. పెన్సిల్.

గాజువాక గురూ
ఒప్పుకున్నాం గురూ, మెడల్ ఇస్తాం.

సముద్రపు గాలి
తెల్ల పెన్సిల్ ఏ కంపెనీ మంచిది? నాది పైన మైనంలా మెరుస్తుంది తప్ప తెలుపు రావట్లేదు.

ఎంవీపీ వదిన (మర్నాడు సాయంత్రం 5.25)
బాల్ పెన్నుతో, మా అబ్బాయి పాత నోట్సు వెనక పేజీల్లో మా అత్తగారూ ఆడపడుచూ ముక్కలు తుడుస్తుంటే గీశా, నాలుగిట్లో రెండు ఫరవాలేదు. అత్తగారు చూసి నా వీపు ఇంత వెడల్పా అన్నారు. ఏ3 బుక్కు పిల్లలకిచ్చేశా. థాంక్స్ అందరికీ, నూనె కాగుతోంది వెళ్తున్నా.

బెల్లం ఆవకాయ
ఆవకాయకి నూనె కాచి పోస్తారా మీరు? మేము పచ్చి నువ్వుల నూనే.

గాజువాక గురూ
ఆవిడ నూనె కాగతంది అంటే వడియాలకేమో అండి, ఆవకాయకని ఎవరన్నారు.

బూజు శత్రువు
ఏ నూనైనా ముక్క మీద తేలాలి. తేలకపోతే బూజు.

సముద్రపు గాలి
తెల్ల పెన్సిల్ గురించి ఎవరూ చెప్పలేదు...